పన్నెండో మేకు

పోయిన నెల నంద్యాలలో కంటి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, రెండు కళ్లలోనూ చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా వరండాలో కూర్చోమన్నారు. నా చీటీ మీద పంతొమ్మిదో నంబరు ఉంది, లోపల నడుస్తున్నది ఆరో నంబరు, ఒక్కొక్కరికి పది నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు దాటుతుందని లెక్క కట్టుకొని, చూడటానికి వేరే ఏమీ లేక ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ గోడ మీద నిలువెత్తు ఫొటో ఒకటి బిగించి ఉంది. తెల్లని పొగమంచు, అందులో ఒక్కటే చెట్టు, దాని మీద ఒక్క ఆకు కూడా లేదు. మొదలు నుంచి మూడు కొమ్మలు చీలాయి, మూడూ ఏడయ్యాయి, ఏడు ఎన్నయ్యాయో లెక్కపెట్టేలోపల మందు పనిచేసి కొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

చీటీలు పిలిచే అమ్మాయి పక్కనుంచి పోతుంటే, అది ఎండిపోయిన చెట్టా, బతికున్న చెట్టా అని అడిగాను. చుక్కలు వేసుకున్న వాళ్లు అడిగే ప్రశ్నలన్నీ వినీ వినీ అలవాటైపోయిన పిల్ల, నవ్వలేదు కూడా.

"ఫొటోలో చెట్టుకు చావేంది, బతుకేంది పెద్దాయనా? చూస్తాంటే మనసుకు ప్రశాంతంగా ఉంటాదని పెట్టినారు. కండ్లు మూసుకొని కూచో, లేకుంటే నీళ్లు కారతాయి."

కళ్లు మూసుకున్నాను. నా ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, ఆకులేని చెట్టు బొమ్మ చూసి ప్రశాంతత అనుకునే కాలం కాదు మనది. మన ఇళ్లలో గోడకు దేవుడి పటాలుండేవి, పాలుగారే పిల్లల బొమ్మలుండేవి, మంచుకొండల క్యాలెండర్లుండేవి. ఆకు రాలిన చెట్టు అంటే చావు, గొడ్డుపోవడం, దరిద్రం. సినిమాలో అటువంటి చెట్టు కనిపించిందంటే ఎవరో ఒకరు పోతారని ఆడవాళ్లు ముందుగానే కొంగు చేతిలోకి తీసుకునేవాళ్లు. అటువంటి రోజుల్లో, ఈ నంద్యాలలోనే, ఒక మనిషి ఏడాదికొకసారి ఒకే మోడు చెట్టును ఫొటో తీసి స్టూడియో గోడకు తగిలించేవాడు. ఆయన మా మేనమామ.

మామ స్టూడియో బస్టాండుకు నాలుగు సందుల అవతల ఉండేది. ముందుగదిలో బల్ల, అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. వెనకగదిలో గోడకు కట్టిన పరదాలు. ఆ వెనక చీకటి గది. పరదాల మీద బొమ్మలు మామే వేసుకునేవాడు. ఒకదాని మీద సరస్సు, ఒకదాని మీద మేడమెట్లు, మూడోదాని మీద మాత్రం ఎర్రటి సాయంత్రం, దాని ముందర ఆకులేని చెట్టు. ఆ మూడోది ఎక్కువ రోజులు బతకలేదు. గోస్పాడు పక్క పల్లె నుంచి వచ్చిన పెళ్లికూతురి తండ్రి దాన్ని చూసి, కొత్త జంట చేయి పట్టుకొని పక్కకు లాగడం నేను అక్కడే ఉండి చూశాను.

"పెండ్లి బొమ్మ తీపిచ్చుకునేకి వస్తే మోడు కింద నిలబెడ్తాండావేందప్పా? నీకేం పుట్టింది?"

"మోడు కాదప్పా, ఆకు రాల్చింది. రెండు నెల్లు ఆగు, చిగురేస్తాది."

"రెండు నెల్లు నీ స్టూడియోలోనే కూచోమంటావా మమ్మల్ని?"

అందరూ నవ్వారు, మామ కూడా నవ్వాడు, వాళ్లు మేడమెట్ల ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయారు. ఆ రాత్రికి రాత్రే ఆయన ఆ పరదా చెట్టుకు పచ్చరంగుతో ఆకులు దిద్దేశాడు. దిద్దిన తరువాత చూస్తే అది ఏ చెట్టో ఆయనకే తెలియకుండా పోయిందని అత్త చాలా ఏళ్లు ఎగతాళి చేసేది.

గోడ మీది ఫొటోల చెట్టు మాత్రం నిజం చెట్టు. శిరివెళ్ల దాటిన తరువాత ఆళ్లగడ్డ రోడ్డు పక్కన ఉన్న దిరిసెన చెట్టు. దిరిసెన సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. చలికాలం చివర అది ఆకంతా రాల్చేసి, ఎండిన కాయలను మాత్రం ఉంచుకుంటుంది, గాలి వీస్తే ఆ కాయలు గలగలమంటాయి, చూసేవాళ్లకు అది ప్రాణం పోయి ఎముకలు మిగిలిన చెట్టులాగానే ఉంటుంది. మామ ప్రతి ఏడూ శివరాత్రికి మహానందిలో జనం ఫొటోలు తీసి, తెల్లవారి రీలులో చివరి బొమ్మను మిగుల్చుకొని స్కూటరు మీద ఆ చెట్టు దగ్గరికి పోయేవాడు. చేలో ఒక చోట నాపరాయి ముక్క పాతుకున్నాడు. ఆ రాయి మీదనే మూడుకాళ్ల స్టాండు పెట్టి, చెట్టు వెనక నల్లమల కొండలు వచ్చేటట్లు ఒకే ఒక్క బొమ్మ తీసేవాడు. రీలుకు పన్నెండు బొమ్మలు కాబట్టి, ఏడాదికి ఒకటి చొప్పున పన్నెండేళ్లకు ఒక రీలంత బొమ్మలవుతాయని ఆయన లెక్క. గోడకు ముందుగానే వరుసగా పన్నెండు మేకులు కొట్టి పెట్టుకున్నాడు. ఎందుకు మామా, అదే చెట్టు, అదే చోటు, అని నేను ఒకసారి అడిగితే, ఫొటోలు కడుగుతున్న చేతులు తుడుచుకొని చెప్పాడు.

"ఆకులున్నప్పుడు అన్ని చెట్లూ ఒగటే మాదిరి ఉంటాయి అల్లుడా. ఆకులు పోయినాకనే దాని లెక్క బయటపడేది. పిడుగు యాడ పడింది, మేకలోళ్లు ఏ కొమ్మ నరికినారు, ఎండ కోసరం యా పక్కకు తిరుక్కునింది, అంతా రాసుంటాది. నువ్వు లెక్కలోనివి కదా, చూడు."

నేను చూశాను. కానీ లెక్కలవాడినని ఆయన నన్ను అనడం నచ్చినంతగా ఆ ఫొటోలు నాకు నచ్చలేదు.

నేను లెక్కలు బడిలో నేర్చుకోలేదు. ఇంటర్మీడియట్ తప్పి, నంద్యాలలో ఒక కోతమిషనులో చేరి, అక్కడికొచ్చే దుంగలను కొలిచే మేస్త్రీ పక్కన నిలబడి నేర్చుకున్నాను. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకొని, దాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో గుణిస్తే దుంగ ఎన్ని ఘనపుటడుగులో తేలుతుంది. రెండేళ్లకు కాగితం అక్కరలేకుండా నోటితో చెప్పేవాణ్ని, మేస్త్రీ కాగితం మీద వేసిన లెక్కలో తప్పు పట్టేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తున్నది, నాకు చెట్టు పరిచయమైందే పడుకున్న చెట్టుగా. ఆకు, పూత, చిగురు అన్నీ అడవిలో వదిలేసి వచ్చిన చెట్లే నేను చూసినవన్నీ.

నాకు ఇరవై మూడేళ్లప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య రోడ్డు వెడల్పు చేస్తారని, దారి పొడవునా ఉన్న చెట్లను లెక్కపెట్టి పట్టీ తయారు చేయాలని ఒక కాంట్రాక్టరు తగిన మనిషి కోసం వెతుకుతుంటే, కోతమిషను వాళ్లు నా పేరు చెప్పారు. సైకిలు, టేపు, రెండు రంగు డబ్బాలు, ఒక కుంచె ఇచ్చారు. పచ్చి చెట్టుకు తెల్ల అంకె, ఎండు చెట్టుకు ఎర్ర అంకె వేయాలి. పచ్చివాటిని కొట్టాలంటే అనుమతులు, విచారణ, ఒకటిన్నర రెండేళ్ల పని. ఎండువాటికి ఏమీ అక్కరలేదు, పట్టీ చేరిన వెంటనే గొడ్డలి వేయవచ్చు. అది మాఘమాసం. ఆకుంటే పచ్చిది, ఆకు లేకుంటే ఎండుది అని నాకు నేనే ఒక నియమం పెట్టుకొని పొద్దున్నే బయలుదేరేవాణ్ని. చెట్టు దగ్గర సైకిలు ఆపడం, రొమ్ము ఎత్తులో టేపు చుట్టడం, అంకె వేయడం, పట్టీలో రాసుకోవడం, మళ్లీ సైకిలెక్కడం. ఒక్క చెట్టు దగ్గర కూడా తల పైకెత్తి చూసిన గుర్తు లేదు. పైన కొలవవలసినదేమీ లేదు.

శిరివెళ్ల దాటాక ఒక చోట మేకలను తోలుకుపోతున్న పెద్దామె నా వెనకే నిలబడి, నేను కుంచెను ఎర్ర రంగులో ముంచడం చూసి అడిగింది.

"ఏం నాయనా, దానికి యాల ఎర్రది పూస్తాండావు?"

"ఎండిపోయింది గదమ్మా. కొట్టేస్తారు."

"ఎండిందో, పండుకోనుందో దాన్ని అడిగినావా?"

"చెట్టు చెప్తాదా?"

"అడిగేటోళ్లకు చెప్తాది. నీ కండ్లు కాయితం మీదనే ఉండె, నీకేం చెప్తాది పాపం" అని మేకలను అదిలించుకుంటూ పోయింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇరవై ఏడో ఎర్ర అంకె కొంచెం పెద్దదిగా వేశాను. పది రోజుల్లో పని పూర్తిచేసి, మొత్తం చెట్లలో ఎండువి నలభై మూడు అని తేల్చి పట్టీ ఇచ్చేశాను. కూడిక మూడుసార్లు సరిచూశాను. ఒక్క చెట్టు అటూ ఇటూ కాలేదు.

ఆ ఏడు శివరాత్రి తెల్లవారి, మోకాలు నొప్పిగా ఉంది, స్టాండు మోయడానికి తోడు రమ్మని మామ నన్ను వెంటబెట్టుకుపోయాడు. అంతకుముందు ఎన్నడూ నేను ఆయనతో ఆ చోటికి పోలేదు. స్కూటరు ఆగింది. ఆగిన చోట నా ఎదురుగా ఎర్ర రంగుతో ఇరవై ఏడు అంకె ఉంది. పదేళ్ల బొమ్మలు గోడ మీద చూసి కూడా ఆ చెట్టును నేను గుర్తుపట్టలేదు. ఆయన చేలోనుంచి, కొండల వైపు తిరిగి తీసేవాడు. నేను రోడ్డు పక్కనుంచి, రొమ్ము ఎత్తులో కొలిచాను. ఒకే చెట్టుకు రెండు పక్కల నిలబడ్డాము.

నేను ఏడు అంకె నడుమన అడ్డగీత వేస్తాను. కోతమిషనులో ఒకటికీ ఏడుకూ తేడా తెలియాలని పెట్టుకున్న అలవాటు. మామ ఆ గీతను చూశాడు, నా వైపు చూడలేదు. చెట్టు దగ్గరికి పోయి, కిందికి వంగిన ఒక కొమ్మ మీద బొటనవేలి గోటితో చిన్నగా గీకాడు. బూడిదరంగు పొర లేచి, లోపల పచ్చగా, తడిగా కనిపించింది. ఆ పచ్చదనం గోరంత కూడా లేదు, కానీ ఇన్నేళ్లలో నేను చూసిన ఏ పైరు పచ్చదనమూ నాకు అంత గుర్తులేదు.

నేను ఏదో చెప్పబోయాను. ఆయన స్టాండు అందుకొని చేలోకి దిగాడు.

"పా, ఎండ ఎక్కుతాంది. ఈ పక్కనుంచి తీస్తే నీ అంకె పడదులే."

పదకొండో బొమ్మ అట్లా తీశాడు.

మరునాడే కాంట్రాక్టరు దగ్గరికి పోయి, పట్టీలో తప్పు పడిందని చెప్పాను. ఆయన మంచి మనిషే, కుర్చీ వేసి కూర్చోబెట్టి పట్టీ తెరిచాడు.

"మొత్తం మారుతాదా?"

"మొత్తం మారదు. ఎండువాట్లో కొన్ని పచ్చివి."

"మొత్తం మారనప్పుడు నీకేంది బాధ? పైకి పోయేది మొత్తమే గదా."

చివరికి, నలభై మూడింటినీ మళ్లీ చూసి రాసిస్తే పంపిస్తానన్నాడు. ఒక్క ఇరవై ఏడునే తీసెయ్యమని అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. ఒకటి తప్పయితే మిగిలినవి ఒప్పని నమ్మడానికి లెక్కలో వీలులేదు. మళ్లీ సైకిలెక్కాను. ఈసారి టేపు లేదు, నా గోరే. మొదటి నుంచి వరుసగా ఒక్కొక్క చెట్టూ గీకుతూ పోయాను. రెండో రోజుకు బొటనవేలి గోరు చీలిపోయింది, మిగతావి చిన్న కత్తితో గీకాను. శిరివెళ్ల అవతల ఆ మేకల పెద్దామె మళ్లీ కనిపించింది. "ఇప్పుడు అడుగుతాండావా?" అని మాత్రం అని, నీళ్ల ముంత చేతికిచ్చింది. నాలుగు రోజులకు తేలింది: నలభై మూడింట్లో నిజంగా ఎండినవి పద్నాలుగు, ప్రాణమున్నవి ఇరవై తొమ్మిది. ఆ రోజే రాసిచ్చాను.

ఆ కాగితం వారం రోజులు ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు. కొట్టేవాళ్లు మాత్రం ఆళ్లగడ్డ వైపు నుంచి ముందే మొదలుపెట్టారు. ఆ సంగతి విని నేను పోయేటప్పటికి ఇరవై ఏడు చేనుగట్టు మీద అడ్డంగా పడి ఉంది. కాయలు నేలంతా పరుచుకున్నాయి. నరికిన చోట కలప తడిగా, వాసనగా ఉంది. కొమ్మల కొసల్లో గింజంత చిగుళ్లు కనిపించాయి. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, కానీ చెప్పకపోతే ఇదంతా రాయడం దండుగ. నా చేతులు వాటంతట అవే టేపు తీసి దుంగను కొలిచాయి. చుట్టుకొలత ఆరడుగులు, పొడవు పద్నాలుగు. పడుకున్న చెట్టును చూస్తే నాకు తెలిసింది అదొక్కటే.

సాయంత్రం స్టూడియోకు పోయి, పడిపోయిందని చెప్పాను. మామ చీకటి గది గుమ్మంలో నిలబడి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తరువాత అడిగాడు.

"ఎన్నడుగులొచ్చింది?"

"ముప్పై ఒకటిన్నర."

తల ఊపి లోపలికి పోయాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను ఆ విషయమై అడిగింది ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే ఎక్కడో ఒకచోట అది పూర్తయ్యేది.

నేను రాసిచ్చిన కాగితం వృథా కాలేదు. తొమ్మిది చెట్లు పోయాక అది చేరింది, ఇరవై చెట్లు నిలిచాయి. లెక్క ప్రకారం చూస్తే అది మంచి ఫలితమే, కోతమిషను వాళ్లు అట్లాగే అన్నారు కూడా. కానీ మామ గోడ మీద పదకొండు ఫొటోలు, ఒక ఉత్త మేకు మిగిలాయి. ఆయన ఇంకో చెట్టు వెతుక్కోలేదు, ఆ మేకు పీకనూ లేదు. వచ్చినవాళ్లు ఎవరైనా, ఏందన్నా ఈ మోడు బొమ్మలు, ఆ చివర మేకుకు ఏం తగిలిస్తావు అని అడిగితే, బల్ల దగ్గర నేను కూర్చొని ఉన్నప్పుడు మాత్రం, "మా అల్లున్ని అడగండప్పా, లెక్క వానికి తెల్సు" అనేవాడు, నవ్వుతూనే. ఆ నవ్వులో ఎంత పాలు ఎగతాళి, ఎంత పాలు ఇంకేదో, నేను విడదీయలేకపోయాను. నేను లేనప్పుడు ఎవరడిగినా ఏమీ చెప్పేవాడు కాదని అత్త ఒకసారి నాతో అంది.

మామ పోయి ఎనిమిదేళ్లయింది. స్టూడియో ఖాళీ చేసేటప్పుడు అత్త ఆ పదకొండు ఫొటోలూ పాత చీరలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందుగదిలో పన్నెండు మేకులు కొట్టి, వాటిని వరుసగా తగిలించుకున్నాను. ఇప్పుడు ఇంటికొచ్చే పిల్లలు వాటిని చూసి, భలే ఉన్నాయి తాతా అని సెల్లులో ఫొటో తీసుకుంటారు. ఒంటరితనం అంటాడు ఒకడు, ఓర్పు అంటుంది ఒకతి. ఒకప్పుడు చావు అన్నదానికి ఇప్పుడు ఇన్ని అర్థాలొచ్చాయి. నేను కాదనను. పదకొండో బొమ్మ దగ్గర మాత్రం ఎవరూ ఆగరు, అది మిగతా పదింటిలాగానే ఉంటుంది. దాని అవతలి పక్కన ఏముందో తెలిసినవాళ్లం ఇద్దరమే, ఇప్పుడు ఒక్కణ్నే. పన్నెండో మేకుకు మా ఆవిడ బీరువా తాళాలు తగిలిస్తున్నది. మొదట్లో తీసి పక్కన పెట్టేవాణ్ని. ఈ మధ్య అలసట వచ్చి ఊరుకుంటున్నాను.

ఆసుపత్రిలో నన్ను పిలిచేటప్పటికి రెండు గంటలు కాదు, మూడయింది. కంట్లో శుక్లం పొర ఇంకా పండలేదు, ఆరు నెలలు ఆగి రమ్మన్నారు. లేచి వచ్చేటప్పుడు ఆ గోడ ఫొటో దగ్గర నిలబడి, ఎవరూ చూడటంలేదనుకొని, కింది కొమ్మ మీద బొటనవేలి గోరు ఆనించాను. చల్లగా, నున్నగా గాజు తగిలింది. ఫొటోలో చెట్టును అడగడానికి వీల్లేదు.

ఆళ్లగడ్డ బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. ఆ ఇరవై చెట్లు తరువాత మళ్లీ రోడ్డు పెద్దది చేసినప్పుడు, ఈసారి అన్ని అనుమతులతో, పోయాయి. ఇప్పుడు రోడ్డు నడుమ వరుసగా గన్నేరు మొక్కలున్నాయి, ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి, ఏ కాలంలో చూసినా వాటిలో రాసి ఉన్నదేమీ కనబడదు. వెనకటి రోజుల్లో శిరివెళ్ల దాటాక "దిరిసెన చెట్టు కాడ ఆపు" అంటే బస్సు ఆగేది. చెట్టు పోయిన తరువాత కూడా కొన్నేళ్లు ఆ పేరు మీదనే ఆగేది, జనం అక్కడ లేని చెట్టు పేరు చెప్పి దిగేవాళ్లు. మందు ఇంకా దిగని కళ్లకు బయట అంతా పచ్చటి మసకగా ఉంది, ఎక్కడున్నామో తెలియక, దిరిసెన చెట్టు స్టేజీ వచ్చిందా నాయనా అని కండక్టరును అడిగాను.

"అట్లాంటి స్టేజీ ఈ రూట్లో లేదు పెద్దాయనా. యాడ దిగల్ల నువ్వు?"

ఆళ్లగడ్డ అన్నాను. ఆ పిల్లవాడు టికెట్టు మిషనులో మొదటి నుంచి చివరిదాకా స్టేజీలన్నీ మళ్లీ ఒకసారి చూశాడు, నా మీద దయతోనే. అతని లెక్క సరిగ్గానే ఉంది.